ముప్పై తలుపుల బాట

ఏలూరు,
12 నవంబరు 1936, గురువారం.

లిడియా అక్కా,

ఇవాళ పొద్దున మొదటి వింత ఇది. ప్రార్థన కాగానే హెడ్‌మిస్ట్రెస్ అమ్మగారు అందరి ముందూ నన్ను నిలబెట్టి, "సలోమీ, నువ్వు రాసిన చెక్కబాట చూడడానికి డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు స్వయంగా బయలుదేరుతున్నారు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. రెండో చప్పట్లో గుర్తొచ్చింది, ఆ బాట లేదని.

సంగతి నీకు తెలుసు. అక్టోబరులో మా తెలుగు పండితులుగారు "నేను చూసిన నీటిసీమ" అని వ్యాసం రాయమన్నారు. నేను నాచులంక గురించి రాశాను. అబ్రహాం మావయ్య బడి, దాని చుట్టూ కొల్లేరు, జమ్ము, కిక్కిస గడ్డి, కలువలు, నీళ్ళ మీద తేలే అంతరతామర, గూడబాతులు. అన్నీ నిజాలే. పదకొండు మొక్కల పేర్లు రాశాను, పదకొండూ నేను ముట్టుకున్నవే. ఒక్క వాక్యం దగ్గర మాత్రం జారాను. "జమ్ముపొదల నడుమనుండి" అని మొదలుపెట్టాను. ఎంత బాగుందో! కానీ నడుమనుండి ఏదో ఒకటి పోవాలి కదా. వాక్యం నడుచుకుంటూ వచ్చి నీళ్ళ ఒడ్డున ఆగిపోయింది. దాన్ని దాటించడానికి నాలుగు చెక్కలు వేశాను. "జమ్ముపొదల నడుమనుండి నున్నని చెక్కబాట మెలికలు తిరుగుచు సాగును. లంకలోని బాలబాలికలు ప్రతి ఉదయమూ దానిమీదుగా కిలకిల నవ్వుచు బడి చేరుదురు." ఇదీ నా నేరం.

వ్యాసం పండితులుగారి బీరువాలోంచి కదల్లేదు. ఆయనే చెప్పారు. నేను తీసిన శుద్ధప్రతి నీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. మరి ఇన్‌స్పెక్టరుగారికి ఎలా చేరిందంటావు? నీ పెట్టెలో ఎలకలకి చదువొచ్చా?

ఆయన పేరు ప్రసాదరావుగారు. మొక్కలంటే ప్రాణమట. మండవల్లి వైపు ఫిబ్రవరిలో తనిఖీకి వస్తారట. అప్పుడు నాకు సెలవిచ్చి నాచులంక పంపుతారట, నేనే దగ్గరుండి బాటా మొక్కలూ చూపించాలట. జ్వరం తెచ్చుకోవడానికి మూడు నెలల వ్యవధి ఉంది. కానీ అప్పటిదాకా ఆగేలా లేదు, ఇప్పుడే ఒళ్ళు వెచ్చగా ఉంది.

అమ్మకి చెప్పకు. వెంటనే రాయి.

నీ చెల్లెలు
సలోమి

తాడేపల్లిగూడెం,
17 నవంబరు 1936.

ఏమే కవయిత్రీ,

నీ ఉత్తరం చూసి ముందు నవ్వాను, తరవాత కోపం తెచ్చుకున్నాను. పెద్దదాన్ని కదా, తప్పదు. అబద్ధం ఎంత నున్నగా ఉన్నా అబద్ధమే. రేపే వెళ్ళి హెడ్‌మిస్ట్రెస్ అమ్మగారి దగ్గర ఒప్పుకో. నువ్వు ఒప్పుకోవని నాకు తెలుసు, అయినా చెప్పానని గుర్తుంచుకో.

వ్యాసం ఆయనకి ఎలా చేరిందీ ఏమిటీ అని బుర్ర పాడుచేసుకోకు. పెద్ద ఉద్యోగస్తుల చేతికి కాయితాలు వెయ్యి దారుల్లో వస్తాయి. గాలికి కూడా వస్తాయి. ఆ గొడవ వదిలేసి లెక్కలు చేసుకో.

ఈ ఉత్తరంతో పాటు పార్సిలులో రెండు మంచి పాళీలు, నీలం సిరాబుడ్డి పంపుతున్నాను. నీ పుట్టినరోజు కాదని నాకూ తెలుసు. అక్కకి ఊరికే ప్రేమ పుట్టకూడదా?

ఇక్కడ అందరం కులాసా. ధాన్యం బళ్ళు మొదలయ్యాయి, స్టేషను రోడ్డు మీద నడవడానికి లేదు. మా బడి తనిఖీ పోయిన నెలలో అయింది. నేను భయపడినంత లేదు, చాలా బాగా జరిగింది. ఎందుకు బాగా జరిగిందో ఎప్పుడైనా తీరిగ్గా చెబుతాను.

నీ అక్క
లిడియా

నాచులంక,
4 ఫిబ్రవరి 1937.

తాడేపల్లిగూడెం బాలికల పాఠశాల ఉపాధ్యాయిని శ్రీమతి లిడియమ్మగారి సముఖమునకు,

అమ్మా, తాము కులాసాగా ఉన్నారని తలుస్తాను. తమరి పాళీతోనే ఇది రాస్తున్నాను. పాళీ బాగుంది. ఎందుకిచ్చారో ఇప్పుడు తెలిసింది.

నేను సోమవారం ఇక్కడికి చేరాను. మణెమ్మత్తయ్య అన్నం పెట్టి పడుకోమంది. మర్నాడు మావయ్య బల్ల సొరుగులోంచి ఒక కాయితం తీసి నా ముందు పెట్టాడు. ఇన్‌స్పెక్టరుగారి మెమో. తమరు కూడా చదివి ఆనందించండి:

"తాడేపల్లిగూడెం బాలికల పాఠశాలను తనిఖీచేయు సందర్భమున, అచటి ఉపాధ్యాయిని తన చెల్లెలు వ్రాసినదని యొక వ్యాసమును మాకు చదివి వినిపించియున్నది. అందువలన నాచులంకలో ఇండ్లనుండి బడివరకు మంచి చెక్కబాట కలదని తెలియుచున్నది. ఇట్టి వసతి యుండియు, ముప్పదియొక్క మంది విద్యార్థులలో పదునొకండు మంది మాత్రమే హాజరగుట ఉపాధ్యాయుని అశ్రద్ధను తెలుపుచున్నది. ఫిబ్రవరి 18వ తేదీని స్వయముగా చూచి, పాఠశాల గుర్తింపు రద్దుచేయు విషయము నిర్ణయించెదము."

చదివారా? ఎలకలు కావు, తమరే!

అక్కా, ఇంక మీరు అనలేను, చెయ్యి నొప్పెడుతోంది. కానీ కోపం పోలేదు.

మావయ్య బడి పోతుందే. నా వాక్యం వల్ల పోతుంది. ఇక్కడి సంగతి నీకు తెలియనిది కాదు. ఇళ్ళ దిబ్బ ఒకటి, బడీ చర్చీ ఉన్న దిబ్బ ఒకటి. నడుమ అరవై గజాల అడుసు. వర్షాకాలంలో దోనె మీద వస్తారు. ఇప్పుడు నీరు తీసింది, దోనె తేలదు, పిల్లలు నడిస్తే మొలదాకా దిగిపోతారు. లోతునీళ్ళలోంచి చుట్టూ తిప్పి తెద్దామంటే, బడి వేళకి దోనెలన్నీ వేటకి పోతాయి. బడి దిబ్బ మీద కాపురమున్న పదకొండు మందే వస్తున్నారు. మిగతా ఇరవై మందీ అవతల ఒడ్డున నిలబడి, ఇక్కడ చెప్పే ఎక్కాలు వింటూ గట్టిగా అప్పచెబుతుంటారు. నిన్న ఒక పిల్ల పదమూడో ఎక్కం అక్కణ్ణించే అరిచి చెప్పింది. మావయ్య ఇక్కణ్ణించే తప్పు దిద్దాడు. దాన్ని హాజరుగా వెయ్యడానికి రిజిస్టరులో గడి లేదు.

"బాట లేదని ఒక్క ముక్క జవాబు రాయకపోయావా మావయ్యా?" అని అడిగాను. కళ్ళజోడు తుడుచుకుని ఇలా అన్నాడు: "బాట లేదని నేను రాస్తే, నా మేనకోడలు అబద్ధాలకోరని నా చేత్తో రాసినట్టు కాదుటే? బడి పోతే ఇంకోచోట పంతులుగా కుదురుకుంటాను. పదహారేళ్ళ పిల్ల, మాట పోగొట్టుకుంటే ఎక్కడ వెతుక్కుంటుంది?"

ఆ తరవాత నేను ఒంటరిగా గట్టు మీద కూచున్నాను. ఏడ్చానని రాయను. ఇక నుంచి నిజాలే రాస్తానని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి, ఏడ్చాననే రాస్తున్నాను.

నా మాటల పుస్తకంలో కొత్తవి చేరాయి. పాదం తడిస్తే చిత్తడి, పట్టుకుంటే బురద, చీలమండ మునిగితే అడుసు, మోకాలు మునిగితే రొంపి, మనిషి మునిగితే ఊబి. అత్తయ్య చెప్పిన కొలతలివి. నిఘంటువులో అన్నిటికీ ఒకటే అర్థం ఉంది. నిఘంటువు రాసినవారు ఇక్కడ దిగి ఉండరు.

ఈ మాటలు చెబుతూనే అత్తయ్య ఇంకో ముక్క చెప్పింది. తను కొత్తకోడలిగా ఈ లంకకి వచ్చినప్పుడు కూడా ఇలాగే నీరు తీసిందట. పెళ్ళికూతురు బురద తొక్కకూడదని, ఇంటి తలుపు ఊడదీసి దోనె నుంచి గడప దాకా పరిచారట. "ఇప్పటికీ అంతేనే. మర్యాద చెయ్యవలసిన మనిషి వస్తే తలుపు పరుస్తాం. ఇక్కడ చెక్కంటూ ఉంటే అదే కదా" అంది.

అక్కా, అరవై గజాలు. తలుపు రెండు గజాలు. ముప్పై తలుపులు. లంకలో ఇళ్ళు ఇరవై ఎనిమిది. బడి తలుపు ఒకటి, చర్చి తలుపు ఒకటి.

బాట లేదు కనుకనే కదా నాది అబద్ధమైంది? ఉంటే కాదు.

ఇవాళ గురువారం. ఇక్కడికి టపా గురువారమే వస్తుంది, గురువారమే పోతుంది. మండవల్లి పోస్టుమాను చిట్టిబాబు గట్టు మీద నిలబడి తొందరపెడుతున్నాడు. ముగిస్తాను.

కోపంగా ఉన్న
సలోమి

తాడేపల్లిగూడెం,
9 ఫిబ్రవరి 1937.

సలోమీ, నా తల్లీ,

నన్ను మీరు అనకే. అత్తగారింట్లో కొత్తగా అడుగుపెట్టినట్టు ఒళ్ళంతా ముడుచుకుపోయింది.

అంతా చెప్పేస్తాను. ఆరోజు ఇన్‌స్పెక్టరుగారు మా క్లాసుకి వచ్చి, గోదావరి ఎక్కడ పుట్టిందని అడిగారు. మా ప్రభావతి లేచి నిడదవోల్లో అంది. కాంతం దాన్ని సరిదిద్ది కొవ్వూరులో అంది. ఆయన ఇంకేమీ అడక్కుండా బడితోట చూపించమన్నారు. తోటలో ఏముంది, నేను ఆర్నెల్లుగా దిగలేదు, నడుం ఎత్తు కలుపు. నోటికేదొస్తే అది అన్నాను: "ఇవి అడవిమొక్కలండి, పిల్లల పరిశీలన కోసం వాటంతట అవే పెరగనిచ్చామండి." ఆయన మొహం వెలిగిపోయింది. జేబులోంచి భూతద్దం తీసి గంటసేపు మోకాళ్ళ మీదే ఉన్నారు. లేచి, నీకు మొక్కలంటే ఇంత ఇష్టం ఎలా కలిగిందమ్మా అన్నారు. మళ్ళీ గోదావరి వైపు వెళతారేమోనని భయంతో, మా ఇంట్లో అందరికీ ఇష్టమేనండి అని, నీ వ్యాసం తీసి చదివేశాను. చెక్కబాట దగ్గర కళ్ళు మూసుకుని విన్నారే. ఆ కాయితం పట్టుకుపోయారు. నాకు "చాలా బాగుంది" అని రాసిపోయారు.

నేను నీకు నీతులు చెబుతూ రాసిన ఉత్తరం దొరికితే చింపెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రెండుసార్లు చదువు. ఆ తలుపులు పరచకు! నీకు మాటలొచ్చినంత తెలివి రాలేదేమే? బాట ఉంటేనే కదా మావయ్యది అశ్రద్ధ. బాట లేకపోతే పిల్లలు ఎలా వస్తారు, పాపం పంతులేం చేస్తాడు అంటారు. ఆ అడుసే మావయ్యకి సాక్ష్యం. నువ్వు ముప్పై తలుపులు పరిచి సాక్షిని కప్పెడతావా? ఆయన నడిచి వచ్చి, బాట దివ్యంగా ఉందని బడి మూసేసి పోతారు. ఉన్నదున్నట్టు అడుసు చూపించి, నేను అబద్ధం రాశానండీ అని ఒక్క మాట అను. నీ మాట పోతే పోయింది, పదహారేళ్ళకి మళ్ళీ మొలుస్తుంది.

ఈ ఉత్తరం ఎలాగైనా గురువారం టపాలో అందేలా, స్టేషనుకి పరిగెత్తి మెయిలు పెట్టెలో వేస్తున్నాను.

నీ దోషి
లిడియా

నాచులంక,
11 ఫిబ్రవరి 1937.

అక్కా,

నీ జవాబు రాలేదు. సిగ్గుపడుతున్నావేమోలే. కోపం సగం తగ్గింది, ఎందుకంటే ఇక్కడ జరుగుతున్నవి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఇరవై తొమ్మిది తలుపులు కుదిరాయి! ముందు పెద్దకాపు కనకరాజుగారి దగ్గరికి వెళ్ళాను. ఇన్‌స్పెక్టరుగారు ఇళ్ళ దిబ్బ మీద దిగి బడికి నడిచి వస్తారు, బాట కావాలి అన్నాను. ఎందుకు కావలసి వచ్చిందో చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా. "మన లంకకి ఇంతవరకు చౌకీదారు తప్ప సర్కారు మనిషి రాలేదమ్మా" అని, అప్పటికప్పుడు తన ఇంటి తలుపు పైకెత్తి ఊడదీసి చూపించాడు. లోపల ఆయన భార్య తలంటుకుంటోంది. ఆవిడ అన్న మాటలు నా పుస్తకంలో రాసుకోలేదు.

కింద జమ్ముకట్టలు పరిచి, పైన తలుపులు వెయ్యాలని కనకరాజుగారి లెక్క. రెండు రోజులుగా మగవాళ్ళు జమ్ము కోస్తున్నారు. నేనూ వెళ్ళాను. అక్కా, ఆ లోపల ఎంత వింత లోకమే! జమ్ము నా కంటే ఎత్తు. దాని కండెలు గోధుమరంగు ముఖమల్ కట్టినట్టున్నాయి. తూటికూర నీళ్ళ మీద చేతులు చాచుకుని పాకుతుంది. సాంబ్రాణాకు నలిపితే చర్చిలో ఉన్నట్టుంటుంది. నీరుగొబ్బి ముళ్ళు కాలికి గుచ్చుకున్నాయి. వ్యాసంలో దాన్ని "సుకుమారము" అని రాశాను. దిద్దుకోవాలి.

ముప్పయ్యో తలుపు వీరరాఘవమ్మగారిది. లంక మొత్తానికి టేకు తలుపు అదొక్కటే. డెబ్బై ఏళ్ళ మనిషి, రెక్క వెనకాల నుంచుని నా పదకొండు మాటలకి పన్నెండు జవాబులు చెప్పింది. కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటివాళ్ళు పడవ మీద పంపిన తలుపట. ప్రతి శుక్రవారం పసుపు రాస్తుంది. నేను గడప మీద కూచుని మూడు పూటలు బతిమాలాను. చివరికి, మా తలుపు దగ్గరికి వచ్చేసరికి నేను చెప్పినట్టు ఆయన వినాలి, అలా అయితేనే ఇస్తానంది. ఏం చెబుతారండీ అంటే, అది అప్పుడు చెబుతానంది. ఒప్పుకున్నాను. ఏం చేస్తాను?

మావయ్యకి ఇదేమీ నచ్చలేదు. కానీ లంకంతా వేడుకగా ఉంటే వద్దనలేక, బడి తలుపు తనే తీసి ఇచ్చాడు. చర్చి తలుపు ఇవ్వడానికి మాత్రం ముందు ప్రార్థన చేశాడు.

పరిచాక ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళి కూచోండని అందరికీ గట్టిగా చెప్పాను. బాట ఎప్పటినుంచో ఉన్నట్టే ఉండాలి కదా. అందరూ బుద్ధిగా తలూపారు.

నీ చెల్లెలు
సలోమి

నాచులంక,
18 ఫిబ్రవరి 1937, సాయంత్రం.

లిడియా అక్కా,

నీ ఉత్తరం అందింది. పోయిన గురువారం చిట్టిబాబు మండవల్లిలో బయలుదేరిన గంటకి వచ్చిందట, వారం అక్కడే పడుకుంది. ఇవాళ అందింది. ఎక్కడ అందిందంటావా, ఇన్‌స్పెక్టరుగారు తొమ్మిదో తలుపు మీద ఉండగా!

మొదటినుంచి చెబుతాను. తెల్లారేసరికి బాట సిద్ధం. ఎంత బాగుందో తెలుసా! వంకర తిరిగి జమ్ము నడుమనుంచి పోతోంది. నా వాక్యం లాగే ఉంది. అవతల ఇరవై మంది పిల్లలూ దాని మీద పరిగెత్తుకొచ్చి బడిలో కూచున్నారు. నిజంగానే కిలకిల నవ్వారు. మావయ్య హాజరు పిలిస్తే ముప్పై ఒక్కరూ పలికేసరికి, బల్ల మీద సుద్దముక్క వెతుకుతున్నట్టు వంగున్నాడు.

తొమ్మిదింటికి ప్రసాదరావుగారు దోనె దిగారు. భారీ మనిషి, కోటు, బూట్లు, మెళ్ళో దారానికి భూతద్దం, భుజాన మొక్కలు వేసుకునే రేకుపెట్టె. చాలా మర్యాదస్తుడు. నన్ను చూడగానే, "నువ్వేనా అమ్మా రాసింది? పదండి నడుద్దాం" అన్నారు. నేను వెనకాల నడిచాను.

మొదటి తలుపు పక్కన, మోకాలిలోతు రొంపిలో, చలువపంచె ఎగగట్టి కనకరాజుగారు చేతులు కట్టుకుని నుంచున్నారు. ఇంటికి పొమ్మన్నాను కదా! "దయచేయండి బాబుగారూ, మా ఇల్లు పావనమైంది" అన్నారు. ఇన్‌స్పెక్టరుగారు చుట్టూ చూశారు. ఆ బురదలో ఎక్కడా ఇల్లు లేదు. కనకరాజుగారి భార్య ఒలిచిన తేగ చేతిలో పెట్టింది. తిన్నారు. రెండో తలుపు పక్కన దేవరాజు, వాళ్ళావిడ. వాళ్ళూ దయచేయండి అన్నారు, తామరగింజలు పెట్టారు. తల తిప్పి చూశాను కదా, ముప్పై తలుపులకీ అటూ ఇటూ బురదలో జనం, గిన్నెలతో, చెంబులతో!

నేను కనకరాజుగారి చెవిలో ఇదేమిటండీ అని గొణిగాను. "తలుపు లేని ఇంట్లో ఎవరైనా కూచుంటారుటమ్మా? తలుపు ఎక్కడుంటే ఇల్లు అక్కడే. మన తలుపు తొక్కిన మనిషి మన చుట్టం. నోరు తీపి చెయ్యకుండా పంపిస్తామా?" అన్నారు.

అంతే అక్కా. మూడో తలుపు దగ్గర బెల్లంముక్క. నాలుగులో మజ్జిగ. అయిదులో చేపముక్క. ఆరులో కోటు బొత్తాం ఒకటి విప్పారు. ఒక ఇంట్లో తిని ఇంకో ఇంట్లో తినకపోతే తప్పు కదా, ఆయన ఎవరినీ దాటలేదు. నడుమ నడుమ వంగి తలుపుల సందులోంచి వచ్చిన మొక్కలు చూసేవారు. ఆయన లాటిన్‌లో ఒక పేరు చెబితే, పక్కనున్న ఆవిడ ఇంకో పేరు చెప్పి దాంతో ఏ నొప్పి పోతుందో చెప్పేది. ఆయన రెండూ రాసుకున్నారు. అప్పుడు చిట్టిబాబు వెనకనించి తలుపుల మీద టపటప నడుచుకుంటూ వచ్చి, తనకీ పెట్టిన తేగ నములుతూ నీ ఉత్తరం ఇచ్చాడు.

అక్కడే చింపి చదివాను. రెండుసార్లు చదవమన్నావు. ఒక్కసారే సరిపోయింది. నిజమే కదే! ఈ మహావైభవం అంతా మావయ్య మెడకి ఉరి. ఇప్పుడే చెప్పేయాలి అనుకున్నాను. పదో తలుపు దాటింది, చెప్పలేదు. పదకొండు దాటింది. ఎన్నో మాటలు పోగుచేశాను, ఒక్కటీ లేచి రాలేదు.

పన్నెండోది వీరరాఘవమ్మగారిది. ఆవిడ అడ్డంగా చెయ్యి చాపింది.

"ఏవండీ, ఆ జోళ్ళు కాస్త విప్పండి."

"ఎందుకమ్మా?"

"పసుపు రాసిన తలుపండి. నా కాపురం నాటిది. సాయంత్రం మళ్ళీ తగిలించుకోవాలి కదండీ."

ఆయన వంగి చూశారు. పసుపు, బొట్లు, గడియ, గొళ్ళెం. వెనక్కి తిరిగి పదకొండింటినీ చూశారు, ముందున్న పద్దెనిమిదినీ చూశారు. తరవాత నన్ను చూశారు. వంగి బూట్లు విప్పుకోసాగారు.

"ఈ బాట అబద్ధమండి" అన్నాను.

"దీని మీదే నుంచున్నాను కదమ్మా."

"మీరు చదివినప్పుడు లేదండి. పొద్దుటిదాకా లేదండి. పిల్లలు రాకపోవడం మా మావయ్య తప్పు కాదండి. తప్పు నా వాక్యానిదండి."

"వాక్యం తనంతట తనే రాసుకుందా?"

"లేదండి. నాదేనండి."

ఆయన బూట్లు నా చేతికిచ్చి ముందుకి నడిచారు. ఇంకా పదహారు ఇళ్ళవాళ్ళు గిన్నెలు పట్టుకుని నుంచున్నారు మరి! నా తప్పు గాల్లో వేలాడుతుండగా, ఆయన పదహారు చోట్ల తింటూ నడిచారు. అంతకంటే నన్ను కొట్టినా బాగుండేది. కానీ పదమూడో తలుపు నుంచి ఒక మార్పు వచ్చింది. ప్రతి ఇంటివాళ్ళనీ, తలుపు లేని రోజున మీ పిల్లలు ఎలా వెళతారని అడగడం మొదలుపెట్టారు. వేట లేని రోజున భుజాన మోస్తానన్నాడు ఒకడు. మా పిల్ల వెళ్ళదండి, ఒడ్డునుంచే పాఠం వింటుందండి అంది ఒకావిడ. ఇంకొకతను కూతురు పరికిణీ అంచు మీద ఎండిన మట్టి చూపించాడు. ఆయన పెన్సిలు అరిగిపోయింది.

ముప్పయ్యోది చర్చి తలుపు. దాని అవతల మావయ్య. అన్నీ విన్నాడు. "చిన్నపిల్ల, తెలియక రాసిందండి. మీరు ఏ నిర్ణయం చేసినా నా మీద చెయ్యండి" అన్నాడు.

ప్రసాదరావుగారు బడి అరుగు మీద కూలబడ్డారు. కడుపు మీద చెయ్యి వేసుకుని కాస్త ఊపిరి పీల్చుకుని అన్నారు: "పంతులుగారూ, ఈ అమ్మాయి చూడనిది రాసింది. నేను అది చదివి, చూడకుండా మెమో రాశాను. ఇద్దరం ఒకటే పని చేశాం. కాకపోతే నాకు దానికి జీతమిస్తారు." మెమో తీసి నాలుగు మడతలు పెట్టి రేకుపెట్టెలో, నీరుగొబ్బి కింద పడేశారు.

అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఆయన అన్నారు కదా, గుర్తింపు ఉంచాలనీ, బాట వెయ్యాలనీ జిల్లా బోర్డుకి రాస్తానుగానీ, విన్నది రాయను, ఒకసారి అలా రాసి పడ్డది చాలు, ఆ అడుసు నా కాళ్ళతో చూసేదాకా సంతకం పెట్టను అన్నారు. ఇవాళ చూద్దామంటే తిన్నదానితో దిగితే పైకి రాలేనన్నారు. అది నిజమే.

ఒక మాట మరిచాను. మీ అక్కగారి తోటలో ఆ మొక్కలన్నీ వాటంతట అవే మొలిచినవేనా అని నన్ను అడిగారు. నిజమే చెప్పాలి కదా. "మా అక్క అందులో ఎప్పుడూ చెయ్యి పెట్టలేదండి" అన్నాను. ఎంత నిగ్రహం అని మెచ్చుకున్నారు. మనం సరికి సరి.

సాయంత్రానికి తలుపులన్నీ ఇళ్ళకి చేరాయి. దేవరాజు ఇంట్లో కుక్క దూరి కూర తినేసింది, చర్చిలో కనకరాజుగారి మేకలు దొరికాయి. తగిలించేటప్పుడు రెండు తలుపులు తారుమారయ్యాయని ఇంకా అరుపులు వినిపిస్తున్నాయి. ఇన్‌స్పెక్టరుగారు బడిలో మడతమంచం మీద వాము నములుతున్నారు.

రేపు పొద్దున ఆరుగంటలకి ఆయన్ని దోనె మీద చుట్టూ తిప్పి ఇళ్ళ దిబ్బకి చేరుస్తారు. అక్కణ్ణించి ఇరవై మంది పిల్లలతో కలిసి బడికి నడుస్తారు. బూట్లు లేకుండా. భుజాన మోస్తానని కనకరాజుగారు అన్నారుగానీ, ఆయన ఒప్పుకోలేదు. దిగబడితే లాగడానికి నలుగురు మగవాళ్ళు తాడుతో వెనకాల వస్తారు. నేను అందరికంటే ముందు దిగాలట. ఎక్కడ ఎంత లోతు, కాలికి ఏం తగిలింది, ఒక్కో అడుగుకీ పైకి చెబుతూ నడవాలట. ఆయన అది విని, తన కాలితో సరిచూసి, అప్పుడు రాసుకుంటారట. విశేషణాలు మాత్రం ఒడ్డునే వదిలి రమ్మన్నారు.

నీ చెల్లెలు
సలోమి